వాయించింది ఎవరో చెప్పని పాటల యాప్: డబ్బులు కట్టి వాడాక రివ్యూ

నెలనెలా డబ్బులు కట్టి వాడుతున్న పాటల యాప్ గురించి రాస్తున్నా. పేరు మాత్రం రాయను. ఇందులో చెప్పబోయే ఫిర్యాదుల్లో ముప్పాతిక మీ ఫోన్‌లో ఉన్న యాప్‌కి కూడా సరిపోతాయి, పేరు రాస్తే "మా దాంట్లో అలా లేదే" అని ఒక గొడవ మొదలై అసలు విషయం పక్కకి పోతుంది. సౌండ్ క్వాలిటీ, డౌన్‌లోడ్, కారులో బ్లూటూత్, ఇవన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి చాలామంది రాశారు కూడా. నేను చూసింది వేరే. ఒక సినిమా పాట నచ్చింది అనుకోండి, అందులో వేణువు వాయించిన మనిషి ఎవరో చెప్పి, ఆయన వాయించిన మిగతా సంగీతం దగ్గరికి ఈ యాప్ నన్ను తీసుకెళ్తుందా లేదా? నా రివ్యూ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే.

ఇదేదో చాదస్తం అనుకోకండి. మన ఇళ్ళలో చాలామందికి మంచి సంగీతం వచ్చిన దారి అదే కదా. కచేరీలకి వెళ్ళే అలవాటున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయి? మాది కాదు. నాకిష్టమైన విద్వాంసుల్లో దాదాపు అందర్నీ నేను మొదట విన్నది ఏదో ఒక సినిమాలోనే, అదీ వాళ్ళ పేరు తెలియకుండా, తెర మీద పెదవులు కదుపుతున్న నటుడిని చూస్తూ.

మొదటి పరీక్ష "సిరివెన్నెల"తో పెట్టాను. 1986లో వచ్చిన కె.విశ్వనాథ్ సినిమా, సంగీతం కె.వి.మహదేవన్. కథానాయకుడు చూపులేని వేణు విద్వాంసుడు, అంటే సినిమా సగం బరువు వేణువు మీదే ఉంటుంది. ఆ వేణువు వాయించింది పండిట్ హరిప్రసాద్ చౌరాసియా. సినిమాలో పాత్ర పేరు కూడా హరిప్రసాదే. సరే, యాప్‌లో వెతికితే ముందు ఏమొచ్చింది? "శ్యామ్ సింగరాయ్"లో సిరివెన్నెల పాట. తర్వాత సీతారామశాస్త్రి గారి హిట్స్ అని నాలుగైదు ప్లేలిస్టులు. కిందకి జరుపుకుంటూ పోతే అప్పుడు అసలు సినిమా. తీసి చూస్తే సంగీత దర్శకుడి పేరుంది, బాలు, సుశీల పేర్లున్నాయి, ఆఖరికి నటీనటుల పేర్లు కూడా ఆర్టిస్టుల వరసలో ఉన్నాయి. వాళ్ళు పాడలేదు, వాయించలేదు, అయినా ఉన్నారు. చౌరాసియా పేరు లేదు. "విధాత తలపున" పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, "పాట వివరాలు" అనే చోటికి కూడా వెళ్ళాను, అక్కడ పాడిన గొంతు ఉంది, మాట ఉంది, బాణీ ఉంది, వేణువు లేదు.

ఆయన పేరు నాకు ముందే తెలుసు కాబట్టి విడిగా వెతుక్కున్నా. తెలియని కుర్రాడెవడైనా ఈ పాట ఇవాళ మొదటిసారి వింటే దారి అక్కడితో ఆగిపోయినట్టే. అదే నాకు బాధ.

సరే, పేరు కొట్టి ఆయన పేజీకి వెళ్ళామనుకోండి. అక్కడ ఇంకో తంతు. పైన కనిపించేవన్నీ "గాఢ నిద్రకు వేణుగానం", "ధ్యానానికి", "ఆఫీసు ఒత్తిడి తగ్గడానికి" అనే సంకలనాలు. మనిషిని నిద్రమాత్ర చేసి పెట్టారు. వాటన్నిటినీ దాటుకుని కిందకి వెళ్తే 1967 నాటి "కాల్ ఆఫ్ ది వ్యాలీ" దొరుకుతుంది: చౌరాసియా వేణువు, శివకుమార్ శర్మ సంతూర్ (చిన్న పుల్లలతో తట్టి వాయించే తీగల వాద్యం), బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్, కాశ్మీర్ లోయలో ఒక గొర్రెల కాపరి రోజు ఎలా గడుస్తుందో రాగాల్లో చెప్పిన ఆల్బమ్. "సిరివెన్నెల" నచ్చినవాళ్ళకి నేనైతే రెండో మెట్టుగా ఇదే ఇస్తాను. మూడో మెట్టు 1988లో ఇళయరాజా చేసిన "నథింగ్ బట్ విండ్", అందులోనూ వేణువు ఈయనదే, పాశ్చాత్య వాద్యబృందం మధ్యలో. ఆ వేణువు, ఆ సంతూర్ కలిసే శివ్-హరి పేరుతో "సిల్‌సిలా" (1981), "చాందిని" (1989) పాటలకి సంగీతం ఇచ్చారు. ఎంత చక్కటి గొలుసు ఇది! ఒక్కో లంకె యాప్ లోపలే ఉంది, ఒక్కటి కూడా ఇంకోదానికి తగిలించి లేదు. ఆల్బమ్‌లన్నీ వాళ్ళ దగ్గరున్నాయి, హక్కులు కొన్నారు, సర్వర్‌లో పెట్టారు, కానీ వేణువు వాయించిన మనిషీ, "సిల్‌సిలా" సంగీత దర్శకుల్లో సగమూ ఒక్కరే అని దానికి తెలియదు.

దీని గురించి కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. కొన్ని రోజులకి మర్యాదగా ఒక సమాధానం వచ్చింది, పాట వివరాలు మ్యూజిక్ కంపెనీ ఇచ్చినవే మేం చూపిస్తాం, మేం మార్చలేం అని. ఇది తప్పించుకోవడమే అయినా అబద్ధం మాత్రం కాదు. పాటతో పాటు వచ్చే వివరాల పట్టీలో గాయకులు, సంగీతం, సాహిత్యం ఉంటాయి, వాద్యకారుల గడి ఉన్నా దాన్ని నింపేవాళ్ళు లేరు. ఇంకా వెనక్కి వెళ్తే మద్రాసు రికార్డింగ్ థియేటర్ల రోజుల్లో వాద్యకారులకి కాల్‌షీట్ (ఒక పూట పని) లెక్కన డబ్బులిచ్చి పంపేవాళ్ళు, రికార్డు అట్ట మీద వాళ్ళ పేర్లు వేసే అలవాటు పెద్దగా లేదు. ఆ రోజు రాయని పేరు ఇవాళ యాప్‌లోకి ఎలా వస్తుంది? ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ చౌరాసియా లాంటి వాళ్ళ సంగతి అందరికీ తెలిసిందే కదా, ఒక మనిషిని కూర్చోబెట్టి వంద ముఖ్యమైన పాటలకి పేర్లు ఎక్కిస్తే ఏం పోతుంది? వేసవికి మామిడిపండ్ల పాటల ప్లేలిస్ట్ చేయడానికి మనుషులున్నారు మరి.

ఇప్పుడు కర్ణాటక విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ, మన బాలమురళి గారి దగ్గరికి వద్దాం, ఇక్కడ యాప్ కొంచెం నయం. "గుప్పెడు మనసు" (1979)లో "మౌనమె నీ భాష ఓ మూగ మనసా" ఆయన పాడిందే, ఆత్రేయ మాట, ఎం.ఎస్.విశ్వనాథన్ బాణీ. గాయకుడు కాబట్టి పేరు ఉంది, నొక్కితే పేజీ తెరుచుకుంటుంది. కర్ణాటక సంగీతం మనకెక్కడ అర్థమవుతుంది అనేవాళ్ళు కూడా ఈ పాట వచ్చినప్పుడు వాల్యూమ్ పెంచడం నేను చాలాసార్లు చూశాను. దీన్నుంచి "నర్తనశాల" (1963)లో సుసర్ల దక్షిణామూర్తి స్వరపరచిన "సలలిత రాగ సుధారస సారం"కి వెళ్ళొచ్చు, బెంగుళూరు లతతో కలిసి పాడింది. అక్కడి నుంచి రామదాసు కీర్తనలకి. ఆయన రామదాసు కీర్తనలు వినకపోతే తెలుగువాడు ఏదో పోగొట్టుకున్నాడనే నా అభిప్రాయం, పాటలో ఒక్క మాట కూడా నలగదు, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో పెరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

గొడవ ఎక్కడంటే, ఈ యాప్‌లో బాలమురళి గారు ఒక్కరు కాదు. ఇంటిపేరుతో ఒకరు, ఇనిషియల్‌తో ఒకరు, డాక్టర్ చేర్చి ఒకరు, మురళి, కృష్ణ విడదీసి ఇంకొకరు. ఒక పేజీలో సినిమా పాటలు, ఇంకో పేజీలో పంచరత్నాలు, మూడో దాంట్లో తిల్లానాలు. "ఫాలో" నొక్కితే ఆ ముక్కనే ఫాలో అవుతాం. "మౌనమె నీ భాష" నుంచి వచ్చినవాడికి ఆయన సినిమా పాటలు కొన్ని పాడిన గాయకుడిగా కనిపిస్తారు, అంతే. పెద్ద సముద్రం పక్క పేజీలో ఉంది, గోడ అడ్డం. ఇది మ్యూజిక్ కంపెనీల తప్పని నేను నమ్మను, పేర్లు కలపడం యాప్ వాళ్ళ పనే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. "శంకరాభరణం" పాటలు వింటూ "మానస సంచరరే" దగ్గర ఆగి, ఆ పాటతో రేడియో మొదలుపెట్టు అనే బటన్ నొక్కాను. సినిమా పాటలే వస్తాయనుకున్నా. రెండు మూడు పాటల తర్వాత అదే కీర్తన కచేరీలో పాడింది వచ్చింది, తర్వాత సదాశివ బ్రహ్మేంద్రులవే వేరే కీర్తనలు, వేరే గొంతులతో. అలా వింటూ వంట చేస్తుంటే మధ్యలో "మౌనమె నీ భాష" వచ్చింది! రెండూ శామ రాగమే. యాప్‌కి రాగం తెలిసి వేసిందో, బాలమురళి పేరు చూసి వేసిందో, గుడ్డిగా తగిలిందో నాకు అనవసరం, ఒక దాని పక్కన ఒకటి వినబడేసరికి రాగం అంటే ఏంటో చెవికి తెలిసింది. పుస్తకం చదివి తెలుసుకోవాలంటే నాకు ఎన్నాళ్ళు పట్టేదో. ఈ ఒక్క బటన్ కోసం డబ్బులు కట్టొచ్చు అంటాను.

అలాగే కీర్తన పేరుతో వెతకడం బాగుంది. "శంకరాభరణం"లో బాలు, వాణీ జయరాం పాడిన "బ్రోచేవారెవరురా" మైసూరు వాసుదేవాచార్యులది, ఖమాస్ రాగం. దాన్ని వెతికితే సినిమా పాట ఒకటి, దాని వెనకాలే గాత్రం, వీణ, వేణువు, వయొలిన్, సాక్సోఫోన్ అంటూ డజన్లకొద్దీ వస్తాయి. ఒకే కీర్తనని పదిమంది ఎలా పట్టుకున్నారో వరసగా వింటే ఎవరి బాణీ మనకి నచ్చుతుందో తేలిపోతుంది, అక్కడి నుంచి వాళ్ళ వెంట పడటమే. కాకపోతే ఒక చిక్కు, తెలుగు లిపిలో కొడితే సగం సార్లు ఏమీ దొరకదు. తెలుగు పాటని తెలుగులో వెతకలేని తెలుగు విభాగం! ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, అదీ వాళ్ళు ఎలా రాసుకున్నారో ఊహించి, "చే"కి ఎన్ని అక్షరాలు, "రా"కి ఎన్ని అక్షరాలు అని.

డబ్బింగ్ పాటల సంగతి ఇంకా ఘోరం. "నీ లీల పాడెద దేవా" తెలియని పెద్దవాళ్ళు మన దగ్గర ఉండరు. 1962లో వచ్చిన తమిళ "కొంజుం సలంగై"కి తెలుగు రూపం "మురిపించే మువ్వలు", ఎస్.ఎం.సుబ్బయ్య నాయుడు సంగీతం, మాటలు ఆరుద్ర, గొంతు ఎస్.జానకి. ఆ గొంతుతో పోటీపడి వినిపించే నాదస్వరం కారుకురిచ్చి అరుణాచలానిది. జానకి గారు స్వరం పాడటం, ఆయన అదే స్వరం నాదస్వరంలో తిరిగి ఇవ్వడం, ఆ మధ్యలో నాకు ఊపిరి ఆడదు. ఇప్పుడీ పాట వివరాల్లో జానకి పేరు ఒక్కటే. నిజం చెప్పాలంటే ఆ పాట జానకి గారిది ఎంతో అరుణాచలం గారిదీ అంతే, డ్యూయెట్ అని రాయాల్సిన పాట. పేరు పట్టుకుని వెతికితే ఆయన కచేరీ రికార్డింగులు కొన్ని దొరికాయి. నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్ళై శిష్యుడు, 1964లోనే పోయారు, కాబట్టి ఉన్నవి కొద్దే, శబ్దం కూడా పాతదే, అయినా వదలకండి. వాటి కింద "ఇవి కూడా మీకు నచ్చవచ్చు" అని పెళ్ళి సన్నాయి మేళం సంకలనాలు చూపించింది యాప్. అదే చోట నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పేరు చూపించి ఉంటే ఎంత బాగుండేది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, నాదస్వరానికి పుట్టిల్లు లాంటి నేలలోనే పేరు తెచ్చుకున్న మన మనిషి. ఆయన్ని నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

రెహమాన్ పాటలకి వస్తే పరిస్థితి విచిత్రం. ఆయన ఆల్బమ్‌ల క్యాసెట్, సీడీల లోపలి కాగితం మీద వాద్యకారుల పేర్లు ఉండేవి, చీమల్లాంటి అక్షరాల్లో అయినా ఉండేవి. ఆ కాగితం యాప్‌లోకి వచ్చేసరికి మాయమైంది. "బొంబాయి" (1995) థీమ్ తీసుకోండి. మాట లేదు, గొంతు లేదు, అయినా ఎక్కడ మోగినా గుర్తుపడతాం, ఆ వేణువు నవీన్ కుమార్‌ది. యాప్‌లో అదే థీమ్ తమిళ ఆల్బమ్‌లో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి విడివిడిగా ఉంది, మూడు చోట్లా రెహమాన్ పేరే. "డ్యూయెట్" (1994) కూడా అంతే. కథలో హీరో సాక్సోఫోన్ వాయిస్తాడు, వినిపించేది కద్రి గోపాలనాథ్. ఆ వాద్యం మీద త్యాగరాజ కీర్తన వాయించొచ్చని నాకు తెలిసిందే ఆ సినిమా వల్ల. ఈయన పేజీ మాత్రం యాప్‌లో చక్కగా ఉంది, ఆల్బమ్‌లు వరసగా, సంవత్సరాలతో సహా, పేరు ఒకే రకంగా. ఎవరో శ్రద్ధ పెట్టినట్టున్నారు.

హిందీ వైపు ఒక్కటే చెప్తాను. "మొఘల్-ఎ-ఆజమ్" (1960)లో తాన్‌సేన్ పాడుతున్నట్టు వినిపించే "ప్రేమ్ జోగన్ బన్ కే", గొంతు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌ది. సినిమాకి పాడటం ఇష్టం లేక, వద్దంటారులే అని ఒక్క పాటకి 25 వేలు అడిగితే దర్శకుడు కె.ఆసిఫ్ సరేనన్నాడని కథగా చెప్పుకుంటారు. ఆ గొంతు విన్నాక "కా కరూఁ సజనీ", "యాద్ పియా కీ ఆయే" ఠుమ్రీల (హిందుస్తానీ సంగీతంలో ఒక రకం పాటల) దగ్గరికి వెళ్ళకుండా ఉండటం కష్టం. ఆయన ఆఖరి రోజులు గడిపి, 1968లో కన్నుమూసింది మన హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో అని తెలిశాక నాకు ఆ ఏరియా ట్రాఫిక్ మీద కోపం కొంచెం తగ్గింది. యాప్‌లో ఆయన పాత రికార్డులు బోలెడు ఉన్నాయి, ఇది మాత్రం మెచ్చుకోవాల్సిందే.

నాకు పెద్ద లోటుగా అనిపించింది నేపథ్య సంగీతం. మన పాత సినిమాల ఆల్బమ్ అంటే పాటలే. "సిరివెన్నెల"లో పాటల మధ్య, సన్నివేశాల కింద వచ్చే వేణువు ఆల్బమ్‌లో లేదు, దానికోసం యూట్యూబ్‌లో సినిమా పెట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుకోవాలి. ఒక్కోసారి ఇది తిరగబడి కూడా జరుగుతుంది. ఇళయరాజా 1986లో త్యాగరాజుకీ, పాశ్చాత్య స్వరకర్త బాఖ్‌కీ అంకితమిస్తూ చేసిన "హౌ టు నేమ్ ఇట్" సినిమా ఆల్బమ్ కాదు, అందులో వయొలిన్ వి.ఎస్.నరసింహన్‌ది. ఆ సంగీతాన్నే తర్వాత బాలు మహేంద్ర తన తమిళ సినిమా "వీడు"లో నేపథ్యంగా వాడుకున్నారు. నరసింహన్ పేరు తెలిశాక ఆయన మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ వెతుక్కోవచ్చు, ఆ తర్వాత మీరు ఎనభైల నాటి ఇళయరాజా పాటలు మునుపటిలా వినలేరు, చరణానికి ముందు వయొలిన్ల కోసమే చెవి ఎదురుచూస్తుంది. యాప్ ఈ ఆల్బమ్‌ని "తమిళ సినిమా పాటలు" కింద పెట్టింది. పోనీలెండి, పెట్టింది, అదే చాలు.

వాడుకలో చిన్న చిన్న చికాకులు. కచేరీ ఆల్బమ్‌లలో ఒకే రాగాన్ని ఆలాప్ (ముందొచ్చే తాళం లేని భాగం), జోడ్ (తర్వాత లయ అందుకునే భాగం) అని ముక్కలు చేసి పెడతారు కదా, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి వెళ్ళేటప్పుడు అర సెకను ఖాళీ వస్తుంది. సెట్టింగుల్లో ఖాళీ లేకుండా చేసే మీట ఉంది, ముందే నొక్కి పెట్టుకోండి. ఆటోప్లే తీసేయండి, లేకపోతే బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీ అయిపోగానే ఈ వారం ఐటెం సాంగ్ మొదలవుతుంది, ఇంట్లో అందరూ ఉలిక్కిపడతారు. ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే ఎవరి లాగిన్ వాళ్ళకి ఇవ్వండి. పిల్లల రైమ్స్ మీ ఖాతాలో మోగితే సలహాలు చెడిపోతాయి, వాటిని మళ్ళీ దారిలోకి తేవడానికి వారాలు పడుతుంది.

ఐదులో మూడు ఇస్తాను. పాటల నిల్వకి, రేడియో బటన్‌కి ఆ మూడు. వాద్యకారుల పేర్లు లేనందుకు ఒకటి, ఒకే మనిషిని నలుగుర్ని చేసినందుకు ఇంకొకటి కోత. ఏడాది ప్లాన్ చౌక అని ఆశ పెడతారు, నేను మాత్రం నెల ప్లాన్‌లోనే ఉన్నాను, ఇంకెవరైనా ముందుగా ఆ వాద్యకారుల పేర్ల గడి నింపితే అక్కడికి మారిపోదామని. శాస్త్రీయ సంగీతం వింటానంటే ఫ్రీ వెర్షన్ జోలికి పోకండి, వరస మార్చేసి జోడ్ ముందు, ఆలాప్ తర్వాత వేస్తుంది, మధ్యలో బిస్కెట్ల యాడ్.